తేనె మోసేది

ముందే ఒప్పుకుంటాను. తేనెటీగల గురించి నాకు తెలిసిందంతా ఒక ఎండాకాలం, ఫిల్మ్‌నగర్‌లో ఒక ఏసీ గదిలో కూర్చుని నేర్చుకున్నదే. ప్రాణమున్న తేనెటీగని ఇప్పటిదాకా దగ్గర్నుంచి చూసింది లేదు. చూడాలన్న సరదా కూడా లేదు. కానీ దాని లాటిన్ పేరేంటి, ఎవరు పెట్టారు, పెట్టాక ఎందుకు నాలిక కరుచుకున్నారు అని అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పగలను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

అది రెండువేల ఒకటి. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్. పెళ్ళిసంబంధాల వాళ్ళు కూడా "అమ్మాయిది ఏ లాంగ్వేజీ?" అని అడుగుతున్న రోజులు. నాకూ కాలేజీలోనే ఉద్యోగం వచ్చింది. అమ్మ వీధంతా పూతరేకులు పంచింది. తరవాత కంపెనీ నుంచి ఒక మెయిలు: చేరే తేదీ వాయిదా పడింది, మళ్ళీ తెలియజేస్తాం. అమెరికాలో ఏదో బుడగ పేలిందన్నారు. అక్కడ బుడగ పేలితే ఇక్కడ నేను ఇంట్లో కూర్చున్నాను.

ఇల్లంటే ఫిల్మ్‌నగర్‌లో ఒక బంగళా వెనక రెండు గదుల పోర్షన్. పొద్దున్నే పై వాలులో ఎవరో కొత్త బంగళా కోసం బండలు పగలగొట్టే చప్పుడు, మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకర్ల హారన్లు, సాయంత్రానికి గచ్చంతా దుమ్ము. ఉండేది అమ్మా నేనూ. నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఇల్లు నడిచేది అమ్మ గొంతు మీద.

మా అమ్మ శ్యామలాదేవి డబ్బింగ్ ఆర్టిస్టు. మీరు ఆ రోజుల్లో సినిమాలు చూసి ఉంటే ఆవిడ గొంతు మీకు బాగా తెలుసు, పేరే తెలియదు. బొంబాయి నుంచి దిగిన హీరోయిన్లు ఎందరో అమ్మ గొంతుతోనే ఏడ్చారు, అలిగారు, తాళి కట్టించుకున్నారు. టైటిల్స్‌లో అమ్మ పేరు పడితే పడేది, పది పేర్ల మధ్య, చదివేలోపు మాయమయ్యేంత చిన్న అక్షరాల్లో. ఎక్కువసార్లు పడేది కాదు.

డబ్బింగ్ ఉన్న రోజు మధ్యాహ్నం దాకా అమ్మ మాట్లాడదు. పట్టుచీర దాచుకున్నట్టు గొంతు దాచుకుంటుంది. ఏం చెప్పాలన్నా స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతుంది. ఒకసారి కొడితే ఔను. రెండుసార్లు కొడితే కాదు. ఆపకుండా కొడుతుంటే నేను పొయ్యి మీద ఏదో మాడబెట్టానని. ప్రపంచమంతా మా అమ్మ మాటలు వింటుంటే నేను చెంచా చప్పుడు విని పెరిగాను.

ఆ ఎండాకాలం గొంతు మొరాయించడం మొదలుపెట్టింది. పైకి వెళ్ళేసరికి జీర. బంజారాహిల్స్‌లో ఒక డాక్టరు గొట్టం పెట్టి చూసి, లోపల చిన్న చిన్న కాయలు కట్టాయనీ, కొన్ని నెలలు పూర్తిగా మానకపోతే ఈ జీర ఇలాగే ఉండిపోతుందనీ చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఒకే మాటంది.

"ఇదొక్కటీ అయ్యాక."

ఇదొక్కటీ అంటే తేనెటీగలు.

అరవ సినిమాలు కొని తెలుగు చేసే కాశీవిశ్వనాథం గారికి ఆ ఏడాది కొన్నవన్నీ పోయాయి. టీవీ ఛానెల్ ఒకటి జంతువుల సినిమాలు అడుగుతోందని తెలిసి, తేనెటీగల మీద ఇంగ్లీషు డాక్యుమెంటరీ ఒకటి పట్టుకొచ్చారు. ఒక పొద్దున మా ఇంటికొచ్చి, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని మొదలుపెట్టారు.

"సినిమా అంతా ఒకటే గొంతు శ్యామల గారూ. హీరోయిన్ లేదు, గొడవ లేదు. తెర మీద ఈగలు, వెనక మీరు. టైటిల్స్‌లో మీకు సింగిల్ కార్డు. 'వ్యాఖ్యానం, శ్యామలాదేవి.' అంతే, ఇంకో పేరుండదు. నా మాట మీద నమ్మకముంచండి."

ఆయన మాట మీద నమ్మకముంచినవాళ్ళు రావలసిన డబ్బుల కోసం కృష్ణానగర్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నారు. కానీ అమ్మ సింగిల్ కార్డు అన్న దగ్గరే ఆగిపోయింది. ఇంకా మధ్యాహ్నం కాలేదు. చెంచా తీసి గ్లాసు మీద ఒక్కసారి కొట్టింది. గ్లాసుకి దెబ్బ తగులుతుందేమో అన్నంత మెల్లగా.

"మరి తెలుగు ఎవరు రాస్తారండీ?" అన్నాను.

"నువ్వున్నావుగా పాపా. ఖాళీయేగా?"

ఖాళీ. ఆ ఎండాకాలం నా ఇంటిపేరు అదే.

అలా నేను తేనెటీగలకి రచయిత్రినయ్యాను. రోజూ చెక్‌పోస్టు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్ళడం, ముందు కంపెనీ మెయిలు వచ్చిందా అని చూడటం, రాలేదని తేలాక ఈగల పేర్లు వెతకడం. మన దేశంలో కనపడేవి ముఖ్యంగా నాలుగు రకాలు. నాలుగింటికీ ఇంటిపేరు ఏపిస్, లాటిన్‌లో తేనెటీగ అని. పువ్వు మాట నుంచి వచ్చింది ఫ్లోరియా, అన్నిట్లోకీ చిన్నది. మైనం మాట నుంచి వచ్చింది సెరానా. కొండలకీ పెద్ద బిల్డింగులకీ వేలాడేది డార్సాటా. అది వీపు అన్న మాట నుంచి వచ్చిందట. వీపు లేని ఈగ ఎక్కడుందో పేరు పెట్టినాయన్నే అడగాలి. నాలుగోది పెట్టెల్లో పెంచే సీమ ఈగ, మెల్లిఫెరా. తేనె మోసేది అని అర్థం.

వీటికి తెలుగు పేర్లు కావాలి. డబ్బింగ్ థియేటర్‌లో మొదటిరోజంతా దాని మీదే పోయింది.

"పెద్దదానికి రాక్షసి, చిన్నదానికి చిన్నారి," అన్నారు విశ్వనాథం గారు. "జనానికి గుర్తుంటుంది."

"తేనెకేం పేర్లున్నాయో ఈగకీ అవే పెట్టండి," అంది అమ్మ. మధ్యాహ్నం దాటింది కాబట్టి నోటితోనే అంది. "కొండ తేనె ఉంది, పుట్ట తేనె ఉంది, జుంటి తేనె ఉంది. కొండ తేనెటీగ, పుట్ట తేనెటీగ, అన్నిట్లోకీ చిన్నది జుంటీగ. సీమదాన్ని పెంపుడు తేనెటీగ అంటే సరిపోదూ?" తరవాత సౌండ్ ఇంజనీరు తిరుమలేశ్ వైపు తిరిగింది. "మీ వైపు ఏమంటారయ్యా?"

తిరుమలేశ్‌ది రహమత్‌నగర్. ఏడ్చే సీను వచ్చినా నవ్వే సీను వచ్చినా మొహం మారని మనిషి.

"మా దిక్కు అన్నీ తేనెటీగలే శ్యామలమ్మా. కుట్టినంక ఉరుకుడే గని, నీ పేరేందని నిలవడి ఎవడడుగుతడు?"

"అసలది ఈగే కాదు, తెలుసా?" అన్నాను నేను, చదివిన చదువు ఊరికే పోకుండా. "ఈగలది వేరే జాతి. తేనెటీగ అనడమే తప్పు. లాటిన్‌లో ఇంకో తప్పుంది. సీమదాని పేరు మెల్లిఫెరా, తేనె మోసేది అని. లిన్నేయస్ అని ఒకాయన పెట్టాడు. పెట్టిన కొన్నేళ్ళకి ఆయనకే తట్టింది, ఈగ తేనె మోసుకురాదు, పువ్వులోంచి తెచ్చిన తీపి రసంతో తేనె తనే తయారుచేస్తుందని. అందుకని మెల్లిఫికా అని మార్చాడు, తేనె చేసేది అని."

"పోన్లే, దిద్దుకున్నాడు," అంది అమ్మ.

"దిద్దుకున్నా చెల్లదమ్మా. మొదట అచ్చయిన పేరే ఖాయం, తప్పయినా సరే. అదీ రూలు."

"మన కాడ టైటిల్ రిజిస్ట్రేషన్ లెక్కనే గద," అన్నాడు తిరుమలేశ్. "ముందుగాల ఎవడు రాయిస్తే వాడిదే. గాడు సినిమా తియ్యకున్నా సరే."

విశ్వనాథం గారికి ఈ పేర్ల గొడవ పట్టలేదు. ఆయనకి హీరో కావాలి. స్క్రిప్టు తిరగేసి, పోతుటీగ దగ్గర ఆగారు.

"వీడు మగాడేగా? వీడికి మంచి గొంతు పెట్టి, ఎంట్రీలో కొంచెం మ్యూజిక్ వేద్దాం."

"అతనే పనీ చేయడండీ. తిని కూర్చుంటాడు. రాణితో ఒక్కసారి కలుస్తాడు, అక్కడే పోతాడు."

"ఎప్పుడు?"

"ఇంటర్వెల్ ముందే."

"మరి ఫైటింగులూ, కాపలా, తేనె తేవడం?"

"అన్నీ ఆడవాళ్ళే. ముసలైపోయి రెక్కలు చిరిగేదాకా తిరుగుతూనే ఉంటారు."

విశ్వనాథం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది ఎవడు చూస్తాడమ్మా," అన్నారు, నిజంగా దిగులుపడి. "ఇది రోజూ ఇంట్లో చూసేదేగా."

అమ్మది వినికిడి పని. మద్రాసు రోజుల నుంచీ అంతే. కాగితం చూసి చదవదు. ఎవరైనా డైలాగ్ చదివితే చెవులో వేసుకుని, తెర మీద పెదాలు చూసి, తన గొంతుతో అంటుంది. అందుకని నన్ను లోపల కూర్చోబెట్టి, బొమ్మ నడుస్తుంటే నా తెలుగు మొత్తం చదివించి, తిరుమలేశ్‌తో రికార్డు చేయించింది. దాన్ని గైడ్ ట్రాక్ అంటారు. అమ్మ హెడ్‌ఫోన్‌లో అది విని, వేగం పట్టుకుని, తరవాత తన టేక్ చెబుతుంది. ఆ పని కాగానే నాది చెరిపేస్తారు. చెరిపేసేదేగా అని బగ్ రిపోర్టు చదివినట్టు చదివేశాను.

మొదటి రీళ్ళు ఎలాగో అయ్యాయి. రోజురోజుకీ కష్టమైంది. అమ్మ మిరియాల కషాయం ఫ్లాస్కులో తెచ్చుకునేది. రెండు వాక్యాలు చెప్పి దగ్గు. నాలుగు వాక్యాలు చెప్పి జీర. తిరుమలేశ్ ప్రతిసారీ "వన్ మోర్ అమ్మా, కరెంటు జర డిస్టర్బ్ అయింది" అనేవాడు. కరెంటు ఏ డిస్టర్బెన్సూ లేకుండా నడుస్తోందని ముగ్గురికీ తెలుసు. ఇంటికెళ్ళేటప్పుడు అమ్మ ఆటోలో కళ్ళు మూసుకుని కూర్చునేది. నేను పక్కన కూర్చుని, వాక్యాలు ఎక్కడ కత్తిరిస్తే అమ్మకి తక్కువ ఊపిరితో సరిపోతుందో లెక్కలేసుకునేదాన్ని. ఇంజనీరింగ్ చదివినందుకు అదొక్కటే నేను చేయగలిగింది.

చివరి రీల్లో, పాత రాణి తుట్టెని కొత్త రాణికి వదిలేసి, కొన్ని ఈగల్ని వెంటేసుకుని బయటికి పోతుంది. ఇందులో అర్థాలు వెతకకండి, ఆ రీల్లో ఉన్నది అదే. ఎంత కత్తిరించినా అక్కడ ఒకే ఊపిరిలో చెప్పాల్సిన వాక్యం ఒకటి మిగిలింది. ఈగలన్నీ ఒక్కసారి గాల్లోకి లేస్తాయి. బొమ్మ ఆగదు కాబట్టి గొంతూ ఆగకూడదు. అమ్మకి అది పడలేదు. మధ్యాహ్నం నుంచి చెబుతూనే ఉంది. విశ్వనాథం గారు చూడలేక టీ తాగొస్తానని బయటికెళ్ళారు.

"తిరుమలేశూ, పాప చదివింది ఒకసారి స్పీకర్లలో పెట్టు. హెడ్‌ఫోన్‌లో చెవులు నొప్పెడుతున్నాయి," అంది అమ్మ అద్దం అవతల నుంచి.

పెట్టాడు. గది నిండా నా గొంతు. అద్దం వెనక మైకు ముందు అమ్మ, కళ్ళు తెర మీద, వేగం పట్టుకోవడానికి శబ్దం లేకుండా పెదాలు కదుపుతోంది. ఎక్కడా తప్పలేదు. నా మాట మొదలైన చోట ఆవిడ పెదాలు విడేవి, నా ఊపిరి ఆగిన చోట కలిసేవి.

సరిగ్గా అప్పుడే విశ్వనాథం గారు తలుపు తోసుకొచ్చారు. తెర మీద ఈగలు లేచాయి. ఆయన అద్దం వెనక అమ్మని చూశారు. వాక్యం పూర్తయ్యేదాకా కదల్లేదు.

"ఇదీ శ్యామలాదేవంటే!" అన్నారు. గొంతు బొంగురుపోయింది ఆయనకే. "నెల్నాళ్ళ నుంచి దాచుకుని ఇప్పుడు తీశారు చూడు! ఇదే ఉంచు తిరుమలేశూ. ఇక ముట్టుకోకు."

తిరుమలేశ్ నా వైపు చూశాడు. మొదటిసారి అతని మొహం మారడం చూశాను. నేను ఏదో అనబోయాను. అద్దం వెనక అమ్మ వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

"బాగుందా విశ్వనాథం గారూ?" అంది మైకులో.

"బాగుందా ఏంటమ్మా!"

"అయితే అదే ఉంచండి. అది మా అమ్మాయిది."

ఫ్లాస్కు మూత తీసి కషాయం పోసుకుంది. తాగింది. ఆయన నన్నూ, అమ్మనీ, మళ్ళీ నన్నూ చూశారు.

"నేను చెప్పిన రీళ్ళు కూడా మళ్ళీ దానితోనే చెప్పించండి," అంది అమ్మ. "మధ్యలో గొంతు మారితే ఈగలు గాభరాపడతాయి."

మర్నాటి నుంచి అద్దం అవతల నేను, ఇవతల అమ్మ. కన్సోల్ పక్కన కుర్చీ వేసుకుని లోపల నాకు మాట వినిపించే టాక్‌బ్యాక్ బటన్ మీద వేలు పెట్టి కూర్చునేది. "అంత ప్రేమగా చదవకే. ఈగకి నీ ప్రేమ అక్కర్లేదు." "ఆ వాక్యం చివర ఎందుకలా జారిపోతావు? ఉద్యోగం పోయినట్టు చదువుతావేంటి?" "పోలేదమ్మా, వాయిదా పడింది." "అదే గొంతుతో చెప్పు. అది బాగుంది." తిరుమలేశ్ ఎప్పట్లాగే మొహం మార్చకుండా, "చెల్లె, వన్ మోర్. ఈసారి కరెంటు కాదు, నువ్వే" అనేవాడు. నేను విసుక్కునేదాన్ని. అమ్మ విసుక్కోలేదు. ఇంటికెళ్ళేటప్పుడు ఆటోలో కళ్ళు తెరుచుకునే కూర్చునేది.

టైటిల్స్ దగ్గర పేచీ వచ్చింది. కార్డు అప్పటికే తయారైంది. నీలం రంగు మీద పెద్ద అక్షరాలతో 'వ్యాఖ్యానం: శ్యామలాదేవి'. విశ్వనాథం గారు దాన్ని కంప్యూటర్లో చూపించారు.

"ఇది మార్చొద్దమ్మా. ఛానెల్ వాళ్ళకి మీ పేరే చెప్పాను. పాప పేరు ఎవరికి తెలుసు? గొంతు కూడా ఒకేలా ఉంది, ఎవరూ పట్టుకోలేరు."

నేనూ అదే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ కార్డు కోసం అమ్మ ఎన్నాళ్ళు గొంతు చించుకుందో నాకు తెలుసు. "మొదట పడిన పేరే ఉండనీ అమ్మా. లిన్నేయస్ అంతటివాడికే దిద్దడం కుదరలేదు. నాకు పోయేదేముంది, నేను కంప్యూటర్లదాన్ని."

అమ్మ ఆ నీలం కార్డు వైపు చాలాసేపు చూసింది. తన పేరున్న కార్డుని ఇంకోసారి చూడదని నాకు అప్పుడు తెలియలేదు.

"ఈగకి నోరు లేదు కాబట్టి ఏ పేరు పెట్టినా పడుంది. నాకుందిగా," అంది. గొంతు జీరపోయింది, అయినా ఆపలేదు. "ఇన్నేళ్ళూ నా మాటకి ఇంకోళ్ళ మొహం పెట్టారు, ఇంకోళ్ళ పేరు పెట్టారు. ఇప్పుడు దాని మాటకి నా పేరు పెట్టుకుంటే, వాళ్ళకీ నాకూ తేడా ఏంటి విశ్వనాథం గారూ? మార్చండి."

"పోనీ ఇద్దరి పేర్లూ..."

"సింగిల్ కార్డు అన్నారు మీరు. మాట మీద ఉండండి."

మార్చారు. ఆయన ఇచ్చిన మాట నిలబెట్టుకున్నది నాకు తెలిసి అదొక్కసారే. అదీ తప్పు మనిషికి.

వానలు మొదలయ్యాక కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగు, మెళ్ళో కార్డు, ఫోన్‌లో ఎవరో తెల్లవాడికి అన్నిటికీ ఎస్ అనడం. మళ్ళీ ఎప్పుడూ మైకు ముందు కూర్చోలేదు. పిలిచారు కూడా, కాశీవిశ్వనాథం గారే పిలిచారు, మొసళ్ళ సినిమాకి. తీరిక లేదన్నాను. అమ్మ డాక్టరు చెప్పినట్టు నెలల తరబడి గొంతు మూసుకుంది. చివరికి ఆయన మళ్ళీ గొట్టం పెట్టి చూసి, ఇంట్లో మాటలకి ఫరవాలేదమ్మా, పనికి మాత్రం ఆశ పెట్టుకోకండి అన్నాడు. అమ్మ తల ఊపింది. వస్తూ వస్తూ ఎర్రగడ్డ రైతుబజారులో దిగి, బెండకాయల దగ్గర పెద్ద గొడవ పెట్టుకుంది.

సినిమా ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో వచ్చింది. ఇద్దరం నేల మీద చాప వేసుకుని కూర్చున్నాం. నీలం కార్డు పడింది, నా పేరుతో.

"అక్షరాలు చిన్నవి చేశాడు చూడు, దరిద్రుడు," అంది అమ్మ.

ఈగలు వచ్చాయి. నా గొంతు మొదలైంది. నా గొంతు నేను వినలేను, ఒళ్ళు జలదరిస్తుంది. తల తిప్పుకున్నాను. అప్పుడు వినిపించింది, పక్కన ఇంకో గొంతు. అమ్మ తెర వైపు చూస్తూ, నాకంటే అర క్షణం ముందు, అవే మాటలు అంటోంది. నేను రాసినవి, వందసార్లు విన్నవి, ఒక్క అక్షరం పోకుండా. జీరగా ఉంది. పైకి వెళ్ళినచోట విరుగుతోంది. పువ్వు దగ్గర మెత్తబడుతోంది, కాపలా దగ్గర గట్టిపడుతోంది. నేనెంత చదివినా ఈగలు నాకు ఈగలే. అమ్మ అంటుంటే వాటికి పనీ, అలసటా, ఆకలీ వచ్చాయి.

రిమోట్ తీసి టీవీ గొంతు మొత్తం తగ్గించేశాను. అమ్మ గమనించలేదు. గమనించినా ఆగలేదేమో. చివరి రీల్లో ఈగలు లేచేచోట ఆ వాక్యం మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది. తీసుకుని, పూర్తి చేసింది.

ఆ సినిమాని శ్యామలాదేవి గొంతుతో విన్నది నేనొక్కదాన్నే.

మీ వైపు జుంటీగని ఏమంటారో నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది, రాయండి. దాంతోపాటు ఇంకోటి కూడా రాయండి. మీ ఇంట్లోనూ ఒకరు చేసిన పని ఇంకొకరి పేరు మీద చెల్లిపోయే ఉంటుంది. ఆవిడో, ఆయనో, ఏం చేశారో చెప్పండి. పొడుగ్గా రాయడానికి తీరిక లేకపోతే పేరు ఒక్కటి రాసినా చాలు. పూర్తి పేరు రాయండి.